దుడ్డు మాటలు, బ్యాంకు మాటలు



ఈ పూట విత్తనం గురించీ ఎరువు గురించీ కాదు, వాటిని కొనే దుడ్డు గురించి, అందులోనూ దుడ్డు విషయంలో మనం వాడే మాటల గురించి నాలుగు సంగతులు మనవి చేస్తాను. మాటలదేముంది, దుడ్డుంటే చాలదా అంటారేమో. మన అనంతపురం మెట్టలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అదీ పడవలసిన వేళకు పడదు. అందుచేత శెనక్కాయ విత్తనం కొనేనాటికి ఇంట్లో రొక్కం వుండే రైతు అరుదు. ఎక్కడో ఒకచోట అప్పు చేయక తప్పదు. ఆ అప్పు దగ్గర ఒక మాటకు మనమొక అర్థం అనుకుని, ఎదుటివాడు ఇంకొక అర్థం పెట్టుకుని వుంటే, ఆ తేడా మూడు నాలుగేళ్ళ పంటను తినేస్తుంది.

మన వైపు డబ్బును దుడ్డు అంటాం. లెక్క అని కూడా అంటాం. “లెక్క వచ్చిందా?” అని అడిగితే కోస్తావాడు పలకా బలపం వెతుక్కుంటాడు, మనం జేబు తడుముకుంటాం. చేతికి తగిలే దుడ్డు రొక్కం. వడ్డీ లేకుండా నాలుగు రోజులకు తెచ్చుకునేది చేబదులు. నగో పాత్రో పెట్టి తెచ్చేది కుదువ. ఇంకొకరి అప్పుకు మనం నిలబడితే పూచీ. బేరం ఖాయమని ముందుగా ఇచ్చేది బయానా, పాతకాలపువాళ్ళు సంచకారం అనేవారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, కిస్తు, ఇవి పారసీ అరబ్బీల నుంచి కచేరీల దారిన వచ్చిన మాటలు. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా వుండి రైతువారీ శిస్తు నడిపించిన కాలంలో ఊరి కరణాల లెక్కలన్నీ ఈ మాటలతోనే నడిచినాయి. 1883లో, 1884లో చట్టాలు చేసి కరువులకూ బావులకూ సర్కారు ఇచ్చిన అప్పుకు తకావి అని పేరు. ఇవన్నీ ఇప్పుడు మన మాటలే. చెక్కు, లోను, రెన్యువలు కూడా అదే దారిన వచ్చి మన ఇంట్లో కూర్చున్నాయి.

కొత్త మాటతో పెద్ద భయం లేదు. తెలియకపోతే ఎవరినైనా అడుగుతాం. చిక్కంతా పాత మాటతోనే. అది బ్యాంకులో వేరే కొలతతో కనబడుతుంది. మనకు తెలిసిన మాటే కదా అని మనం అడగం.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ వడ్డీ. ఊళ్ళో “రెండు రూపాయల వడ్డీ” అంటారు. అంటే నూటికి, నెలకు, రెండు రూపాయలు. నూటికి అనీ నెలకు అనీ ఎవరూ పైకి చెప్పరు, అది అందరికీ తెలిసినదే. బ్యాంకువారు “ఏడు శాతం” అంటారు. అంటే నూటికి, సంవత్సరానికి, ఏడు రూపాయలు. సంవత్సరానికి అని వాళ్ళూ పైకి చెప్పరు, వాళ్ళకు అది తెలిసినదే. ఈ ఇద్దరి మధ్య నిలబడిన రైతు చెవికి ఒకచోట రెండు, ఒకచోట ఏడు వినబడతాయి. రెండు తక్కువా ఏడు తక్కువా? బ్యాంకు చుట్టూ పది సార్లు తిరిగేదానికన్నా, అడిగిన రాత్రికే ఇచ్చే రెండు రూపాయలే మేలని అనుకున్న ఇళ్ళు మన జిల్లాలో లేకపోలేదు.

లెక్క కట్టి చూద్దాం. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. మూడు రూపాయలంటే 36. అదే బ్యాంకువారి శాతాన్ని పన్నెండుతో భాగిస్తే ఊరి వడ్డీ వస్తుంది. పన్నెండు శాతం అంటే మన రూపాయి వడ్డీ. తొమ్మిది శాతం అంటే ముప్పావలా. ఆరు శాతం అర్ధరూపాయి. మూడు శాతం పావలా. ఏడు శాతం అంటే 58 పైసలు.

జూన్‌లో లక్ష రూపాయలు తెచ్చి, ఫిబ్రవరిలో శెనక్కాయలమ్మి తీర్చినామనుకోండి. ఎనిమిది నెలలు. రెండు రూపాయల వడ్డీ చొప్పున 16,000 రూపాయలు కట్టాలి. ఏడు శాతం పంట రుణమైతే 4,667 రూపాయలు. 3 లక్షల లోపు పంట రుణాన్ని గడువులోపల తీర్చినవారికి కేంద్ర ప్రభుత్వం ఇంకో మూడు శాతం తగ్గింపు ఇస్తున్నది. అప్పుడు పడేది నాలుగు శాతమే, అంటే మన లెక్కన 33 పైసల వడ్డీ. ఎనిమిది నెలలకు 2,667 రూపాయలు. పదహారు వేలెక్కడ, రెండు వేల ఆరు వందలెక్కడ! అయితే ఈ తగ్గింపు గడువు మీద ఆధారపడి వుంది. గడువు దాటితే పోతుంది. కాబట్టి అప్పు తీసుకున్ననాడే “సార్, గడువు ఏ తేదీ?” అని అడిగి, ఆ తేదీని గోడ మీదనో పంచాంగంలోనో రాసిపెట్టుకోవాలి.

పావలా అన్నాను కనుక ఒక ముచ్చట. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చింది. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ కూడా పోయింది. చివరకు 2011 జూన్ 30తో పావలా బిళ్ళే చెలామణీ నుంచి పోయింది. అయినా పావలా వడ్డీ అన్న మాట పోలేదు. 2004 తర్వాత మహిళా సంఘాల అప్పులకు వచ్చిన పథకానికి సర్కారువారు పెట్టిన పేరే ‘పావలా వడ్డీ’. మూడు శాతం వార్షిక వడ్డీ అని పెట్టి వుంటే ఎంతమందికి అర్థమయ్యేదో! ఊరి కొలతలో చెప్పినారు కాబట్టి చదువురాని అక్కచెల్లెళ్ళకు కూడా ఆ పూటే తెలిసిపోయింది. విస్తరణ ఉద్యోగులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలని నా మనవి. రైతుకు శాతం చెప్పినప్పుడల్లా పక్కనే పైసల్లో కూడా చెప్పండి.

వడ్డీలో ఇంకొక భేదం బారువడ్డీ, చక్రవడ్డీ. బారువడ్డీ అసలు మీదనే పడుతుంది, చక్రవడ్డీ వడ్డీ మీద కూడా పడుతుంది. గడువు తీరని పంట రుణం మీద చక్రవడ్డీ కట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. సన్నకారు, చిన్నకారు రైతుల స్వల్పకాలిక అప్పు మీద మొత్తం వడ్డీ అసలును మించరాదని కూడా నిబంధన వుంది. పాత బాకీ మీద వడ్డీ కొండలా పెరిగిందని చెబితే, “అసలెంత, వడ్డీ ఎంత, విడివిడిగా రాసివ్వండి” అని అడిగే హక్కు మీకుంది.

ఇక పాస్ పుస్తకం. అందులో జమ అంటే మన ఖాతాలో చేరినది, ఖర్చు అంటే తీసినది, నిలువ అంటే మిగిలినది. ఇంతవరకు ఇంటి లెక్కే. కాని లోను ఖాతాకు ఇదే తీరు కాగితం వస్తుంది. అక్కడ నిలువ 80,000 అని వుంటే అది మనకు వున్న దుడ్డు కాదు, మనం కట్టవలసిన బాకీ. ఆ అంకె పక్కన ఇంగ్లీషులో రెండు అక్షరాలు వుంటాయి. సీఆర్ అంటే మన సొమ్ము, డీఆర్ అంటే మన బాకీ. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఈ రెండు గుర్తులు పట్టడం కష్టం కాదు. ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే ఒక్కసారి చూపించమనండి.

ఇప్పుడు చెక్కు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి.

చెక్కు దుడ్డు కాదు. ఫలానావారికి ఇంత ఇవ్వండి అని తన బ్యాంకుకు ఒకడు రాసిన చీటీ. పూర్వం షావుకార్లు రాసుకునే హుండీకి ఇది దాయాది అనుకోండి. 1881 నాటి చట్టం ఒకటే ప్రోనోటుకూ, హుండీ వంటి పత్రాలకూ, చెక్కుకూ వర్తిస్తున్నది. రాసినవాడి ఖాతాలో దుడ్డు వుంటే ఆ చీటీకి విలువ, లేకుంటే అది ఉత్త కాగితం.

మన చీనీ తోటల దగ్గర జరిగే తంతు మీకు తెలిసిందే. వ్యాపారి వస్తాడు, తోట చూస్తాడు, బయానా ఇస్తాడు. కాయ కోసుకుంటాడు, లారీకెత్తుతాడు. మిగతాదానికి చెక్కు రాసిస్తాడు. దాని మీద తేదీ మాత్రం ఇరవై రోజుల తర్వాతది. ఆ తేదీ రాకముందు బ్యాంకు దుడ్డివ్వదు. ఆ ఇరవై రోజులూ మనం ఆ వ్యాపారికి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే, దానికి పూచీ కూడా లేదు. తప్పదంటే తీసుకోండి, కాని రొక్కం తీసుకున్నంత ధీమాగా వుండకండి. వీలైతే లారీ కదలకముందే ఖాతాకు పంపమనండి. 2 లక్షలూ ఆపైన అయితే ఆర్టీజీఎస్, ఎంత మొత్తమైనా నెఫ్టు. ఇప్పుడీ రెండూ రాత్రీ పగలూ, సెలవుదినాల్లో కూడా నడుస్తున్నాయి. పంపినానని వ్యాపారి తన ఫోను చూపిస్తే చాలదు, మీ ఫోనుకు వచ్చిన మెసేజీ కూడా చాలదు. మీ ఖాతాలో నిలువ పెరిగిందా అన్నదే చూసుకోవాలి.

చెక్కు చేతికి వస్తే చూసుకోవలసినవి కొన్ని వున్నాయి. పేరు మీదేనా? పాస్ పుస్తకంలో వున్న పేరూ చెక్కు మీది పేరూ ఒకటేనా? అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ రాసి వుంటే చట్టం ప్రకారం అక్షరాలదే మాట. కాని అట్లాంటి చెక్కును బ్యాంకువారు తిప్పి పంపుతారు, కాబట్టి అక్కడే మార్పించుకోండి. మార్పించడమంటే కొట్టివేతా దిద్దుబాటూ కాదు, కొత్త చెక్కు రాయించుకోవడం. ఎడమ మూలన రెండు అడ్డగీతలు గీసి వుంటే ఆ దుడ్డు కౌంటరులో చేతికివ్వరు, ఖాతాలోనే పడుతుంది. దారిలో చెక్కు పారేసుకున్నా ఇంకొకడు దాన్ని రొక్కం చేసుకోలేడు కాబట్టి ఈ గీతలు మనకు మేలే. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే దాని ఆయుష్షు. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది. ఆ పాత లెక్క మనసులో పెట్టుకుని బియ్యపు డబ్బాలో దాచేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల బొమ్మలు పగలంతా బ్యాంకు నుంచి బ్యాంకుకు పోయే పద్ధతి వచ్చింది. పాసయిందీ లేనిదీ చాలావరకు ఆ రోజే తేలుతుంది. దాచుకుని లాభం లేదు.

చెక్కు తిరిగొస్తే? బ్యాంకువారు ఒక చీటీ ఇస్తారు, దాన్ని రిటర్న్ మెమో అంటారు. ‘నిధులు చాలవు’ అని అందులో వుంటుంది. చెక్కునూ మెమోనూ రెండింటినీ భద్రపరచండి. వ్యాపారి “ఈ వారం, వచ్చే వారం” అంటూ తిప్పుతాడు. తిప్పించుకుంటే తప్పు లేదు గాని, చట్టం గడియారం మాత్రం ఆగదు. తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వాడు కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్న 138వ సెక్షను ఇది. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జుల్మానా, లేదా రెండూ. నెల రోజులు ఊరికే తిరిగితే ఈ బలం చాలావరకు చేజారుతుంది. కావాలంటే ఆ చెక్కునే ఆయుష్షు లోపల మళ్ళీ బ్యాంకులో వేయవచ్చు, తిరిగొస్తే 30 రోజుల లెక్క మళ్ళీ మొదలవుతుంది.

ఈ కత్తికి రెండో అంచు కూడా వుంది, అది మన వైపే తిరిగి వుంటుంది. ఎరువుల అంగడిలోనో, ఫైనాన్సు వాడి దగ్గరో అప్పు తెచ్చేటప్పుడు “ఊరికే హామీ కోసం” అని రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టించుకుంటారు. ఖాళీ చెక్కు అనే మాటే మనల్ని మోసం చేస్తుంది. ఖాళీ కదా, అందులో ఏముందని అనుకుంటాం. సంతకం వున్నది ఖాళీ కాదు. మనం ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో అంకె ఎదుటివాడు నింపుకున్నా, బాకీ వున్నట్టే కోర్టు మొదట భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంత బాకీ లేదని రుజువు చేసుకునే భారం మన మీద పడుతుంది. పదివేల ఎరువుకు సంతకం పెట్టి, లక్షకు జవాబు చెప్పుకోవలసి వస్తే రైతుకు సాక్షి ఎవడు? ఇవ్వక తప్పని పరిస్థితే వస్తే మొత్తం, పేరు నింపి ఇవ్వండి. చెక్కు నంబరు ఆరు అంకెలుంటుంది, దాన్ని ఇంట్లో రాసిపెట్టుకోండి. ఏ బాకీకి ఇచ్చినారో ఒక కాగితం మీద వాడిచేత సంతకం పెట్టించుకోండి. బాకీ తీరిననాడు చెక్కు వెనక్కు తీసుకుని గాని ఇంటికి రాకండి.

ప్రోనోటు విషయమూ ఇంతే. ప్రోనోటుకు మూడేళ్ళ కాలదోషం. ఆ లోపల కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. చెల్లు అనే మాట మనకు తీరిపోవడంగా వినబడుతుంది. “ఆ బాకీ చెల్లయిపోయింది” అంటాం కదా. నోటు వెనక చెల్లు మాత్రం అప్పుకు కొత్త ఊపిరి. ఐదు వందలు కట్టి చెల్లు వేయించినా మొత్తం అప్పుకు మూడేళ్ళ ఆయుష్షు పోసినట్టే. ఋణం ఎగగొట్టమని నేను చెప్పడం లేదు. కాని కట్టిన ప్రతి రూపాయీ ఆ నోటు వెనక తేదీతో సహా ఎక్కాలి. నోటి మాటగా కట్టిన దుడ్డు ఎక్కడా కనబడదు. మొత్తం తీరినాక నోటు చేతికి తీసుకుని చించేయండి. నోటు కనబడటం లేదంటే రశీదు రాయించుకోండి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం వుండాలి.

కరువు వచ్చిన ఏడు బ్యాంకులో వినబడే మాటలు మూడు. రెన్యువలు, రీషెడ్యూలు, మాఫీ. మన ఊళ్ళల్లో మూడింటినీ కలిపి “లోను మార్చినారు” అనేస్తారు. రెన్యువలు అంటే పాత అప్పు కట్టేసి కొత్త అప్పు తీసుకోవడం. నాలుగు రోజుల కోసం బయట వడ్డీకి తెచ్చి కట్టి, మళ్ళీ తీసి వాడికివ్వడం అందరూ ఎరిగినదే. రీషెడ్యూలు అంటే పంట పోయిందని గడువును ముందుకు జరపడం. పంట నష్టం 33 శాతం, అంతకుమించి వుంటే దీనికి అర్హత. 2015కు ముందు 50 శాతం వుండేది. గడువు జరిగినంతకాలం వడ్డీ నడుస్తూనే వుంటుంది. ఆగేది కిస్తు మాత్రమే. ఇక మాఫీ అంటే ప్రభుత్వం మన బదులు కట్టడం. 2008లో కేంద్రం చేసింది, 2014 తర్వాత రాష్ట్రం చేసింది. రెండోది వాయిదాల మీద నడిచింది. మాఫీ అని పేపర్లో చదివిననాటికీ ఖాతాలో జమ పడిననాటికీ మధ్య వడ్డీ వూరుకోదు. కాబట్టి మీకు జరిగింది ఈ మూడింటిలో ఏదో మేనేజరును అడగండి. పూర్తిగా తీరిందంటే ‘బాకీ లేదు’ అనే పత్రం తీసుకోండి.

బ్యాంకుల పేర్లు కూడా మారినాయి. మనం నోరారా సిండికేటు అని పిలుచుకున్నది 2020 ఏప్రిల్ 1న కెనరాలో కలిసింది. ఆంధ్రాబ్యాంకు అదేరోజు యూనియన్ బ్యాంకులో కలిసింది. శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి అయింది, అది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. పాత పేరు చెక్కులు ఇంట్లో వుంటే వాటితో లావాదేవీ పెట్టుకోకుండా బ్యాంకులో చూపించి మార్చుకోండి.

వేలిముద్ర గురించి రెండు మాటలు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లెలోనే ప్రారంభమైంది. ఆ కూలి దుడ్డు ఖాతాల్లో పడటం మొదలైనాకనే మన పల్లెల్లో ఎందరో ఆడవాళ్ళు తమ పేరు మీద పాస్ పుస్తకం పట్టుకున్నారు. అప్పుడు కాగితం మీద సిరా ముద్ర, ఇప్పుడు మిషను మీద వేలు. “సరిగా పడలేదు, మళ్ళీ పెట్టమ్మా” అని అంటే, మొదటిది పడిందో లేదో చీటీ చూసి గాని రెండోసారి పెట్టకండి. ప్రతి ముద్రా ఒక సంతకమే. తెలియకుండా ఖాతాలో దుడ్డు పోతే బ్యాంకుకు మూడు రోజుల్లోపల తెలపండి, 1930కి ఫోను చేయండి. మిగతా ఫిర్యాదులు బ్యాంకుకు రాసిచ్చి 30 రోజులైనా పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకువారి 14448 నంబరుంది.

ఇంకొక్క సంగతి. చెక్కు ఇంగ్లీషులోనే రాయాలని చాలామంది అనుకుంటారు. అచ్చు హిందీలో, ఇంగ్లీషులో వుంటుంది గాని, రాయడం మన భాషలో రాయవచ్చునని రిజర్వు బ్యాంకే చెప్పింది. నోటు మీద పదిహేను భాషల పట్టీలో కింది నుంచి రెండో వరుస తెలుగే కదా. 22,500 రాయవలసి వస్తే, గీత మొదటినుంచే, ముందు జాగా వదలకుండా ‘ఇరవై రెండు వేల ఐదు వందల రూపాయలు మాత్రమే’ అని రాసి, మిగిలిన చోట అడ్డగీత గీయండి. కౌంటరులో ఎవరైనా ఇంగ్లీషులో తెమ్మంటే, “తెలుగులో చెల్లుతుంది సార్, మేనేజరుగారిని అడగండి” అని మర్యాదగా చెప్పండి.